ముఖం మీది ఎరుపుకు రాసే క్రీమ్: అది చేసే పని, చేయలేని పని

ప్రశ్న: మాది ఖమ్మం. చాలా ఏళ్లుగా అమెరికాలో, డాలస్ దగ్గర ఉంటున్నాం. నాకు 47 ఏళ్లు. బీపీకి ఆమ్లోడిపిన్ మాత్ర వేసుకుంటున్నాను. కొన్నేళ్లుగా బుగ్గలు, ముక్కు కందిపోయినట్టు ఎర్రబడుతున్నాయి. పొయ్యి దగ్గర నిలబడినా, ఎండలోకి వెళ్లినా మంట పుడుతోంది. అంతకుముందు ఇండియా వచ్చినప్పుడు మందుల షాపులో ఇచ్చిన ఒక క్రీమ్ రెండేళ్లు రాశాను. రాసినన్నాళ్లు ముఖం తేటగా ఉండేది, మానితే మండిపోయేది. ఇక్కడి డాక్టరు గారు ఇది రోజేషియా అని చెప్పి, ఆక్సీమెటాజొలిన్ ఒక శాతం క్రీమ్ రాసిచ్చారు. పొద్దున్నే రాస్తే మధ్యాహ్నానికి ఎరుపు కొంత తగ్గుతోంది, రాత్రికి మళ్లీ మామూలే. పొక్కులు మాత్రం తగ్గలేదు. దీన్ని ఎన్నాళ్లు రాయాలి? అలవాటైపోతుందా? ఇదే మందు ముక్కుదిబ్బడ స్ప్రేలో ఉంటుందని, అది చవకని మా వారు అంటున్నారు. అది రాసుకోవచ్చా? ఖమ్మంలో మా చెల్లెలి ముఖం కూడా ఇలాగే ఉంటుంది. ఆమెకు ఒక ట్యూబు పంపవచ్చా?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం చదివితే మందు సరిగా పనిచేయడం లేదేమోనన్న దిగులు కనిపిస్తోంది. ఆ దిగులు అక్కర్లేదు. పొద్దున్న రాస్తే పగలు ఎరుపు తగ్గి, రాత్రికి తిరిగి రావడమే ఆ క్రీమ్ పనితీరు. అది పగటిపూట ఎరుపును అణచిపెట్టే మందే తప్ప రోజేషియాను నయం చేసే మందు కాదు. ఈ తేడాను మందు రాసిచ్చిన రోజునే మీకు విడమరచి చెప్పవలసింది. అది తెలియకపోవడం వల్లనే చాలామంది వారం తిరగకుండా మందు మానేయడమో, ఫలితం చాలలేదని రోజుకు రెండు మూడుసార్లు రాయడమో చేస్తుంటారు. ఆ రెండూ మంచివి కావు.

రోజేషియాలో ముఖం మధ్యభాగంలోని, అంటే బుగ్గలు, ముక్కు, నుదురు, గడ్డం ప్రాంతాల్లోని సన్నని రక్తనాళాలు చిన్న కారణానికే వెడల్పవుతాయి. వేడి, ఎండ, కారం, ఉద్వేగం వంటివి తగిలినప్పుడు మామూలు మనిషి ముఖం కాసేపు ఎర్రబడి సర్దుకుంటుంది. రోజేషియా ఉన్నవారిలో ఆ నాళాలు తిరిగి ముడుచుకోవడానికి చాలాసేపు పడుతుంది, కొన్నేళ్లు గడిచాక అవి పూర్తిగా ముడుచుకోవడమే మానేస్తాయి. దాంతో ఎరుపు ఎప్పుడూ ఉండిపోతుంది. దీనికి తోడు చర్మంలోని రోగనిరోధక వ్యవస్థ అతిగా స్పందించడం, వెంట్రుకల కుదుళ్లలో అందరికీ ఉండే డెమోడెక్స్ అనే సూక్ష్మమైన పురుగులు వీరిలో ఎక్కువగా ఉండడం వల్ల పొక్కులు, చీముపొక్కులు లేస్తాయి. కనుక ఎరుపు వెనుక ఉన్నది ఒకటి, పొక్కుల వెనుక ఉన్నది మరొకటి. మీ క్రీమ్ మొదటిదాని మీద మాత్రమే పనిచేస్తుంది.

రక్తనాళాల గోడల్లో సన్నని కండరం ఉంటుంది. ఆ కండరం మీద ఉండే ఆల్ఫా-1ఏ అనే గ్రాహకాలను, అంటే మందు వచ్చి తట్టే తలుపుల్లాంటి వాటిని, ఆక్సీమెటాజొలిన్ ప్రేరేపిస్తుంది. అప్పుడు కండరం బిగుసుకుని నాళం సన్నబడుతుంది, అందులో పారే రక్తం తగ్గి చర్మం ఎరుపు పలచబడుతుంది. మందు ప్రభావం ఉన్నంతసేపు, అంటే సుమారు పన్నెండు గంటలు, ఇలా ఉండి ఆ తర్వాత నాళం మునుపటి స్థితికి వస్తుంది. మీరు పొద్దున్న ఏడింటికి రాసుకుంటే రాత్రి ఏడెనిమిదింటికల్లా ఎరుపు తేలడానికి కారణం ఇదే. పెద్దవారిలో ఎప్పుడూ ఉండిపోయే ముఖపు ఎరుపుకు వాడడానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017 జనవరిలో దీన్ని అనుమతించింది. నాళాలు శాశ్వతంగా వెడల్పై, దారాల్లా పైకి కనిపిస్తుంటే ఈ క్రీమ్‌తో అవి పోవు. వాటికి లేజర్ చికిత్స ఉంది గాని, మన చామనఛాయ చర్మం మీద లేజర్ వేడికి నల్లమచ్చలు పడే ప్రమాదం ఉంటుంది. కాబట్టి మనలాంటి చర్మానికి చికిత్స చేసిన అనుభవం ఉన్నవారి దగ్గరే ఆ మాట ఎత్తాలి.

ఎంత ఫలితం ఆశించవచ్చో కూడా చెప్పాలి. అనుమతికి ఆధారమైన రెండు ప్రధాన అధ్యయనాల్లో, 29వ రోజున డాక్టరుకూ రోగికీ ఇద్దరికీ స్పష్టంగా కనిపించేంతగా ఎరుపు తీవ్రతను కొలిచే కొలమానంలో రెండు మెట్లు తగ్గినవారు, రాసుకున్నాక గడిచిన గంటలను బట్టి, నూటికి 12 నుంచి 18 మంది మాత్రమే. మందు కలపని క్రీమ్ రాసుకున్నవారిలో వీరు నూటికి 5 నుంచి 9 మంది. కొలత చాలా కఠినమైనది కాబట్టి, ఒక మెట్టు మెరుగైనవారు ఈ లెక్కలోకి రారు. అయినా ఈ మందు ముఖాన్ని పూర్తిగా తేటపరుస్తుందని అనుకోకూడదని ఈ అంకెలు చెబుతున్నాయి. మరో సంగతి, ఆ అధ్యయనాల్లో పాల్గొన్నవారిలో అత్యధికులు తెల్లజాతివారు. మన చర్మంలో ఎరుపు అంత సులువుగా కనిపించదు. చాలాసార్లు అది ఊదా ఛాయలోనో, ముదురు గోధుమ ఛాయలోనో ఉండి, మంగుగా పొరబడే అవకాశం ఉంది. పగటి వెలుతురులో ఒక గాజు గ్లాసు అంచును బుగ్గకు మెల్లగా అదిమిపెట్టి, అద్దంలో చూడండి. అదిమిన చోట రంగు పలచబడి, తీయగానే తిరిగి వస్తే అది రక్తనాళాల ఎరుపు. ఎంత అదిమినా మారని గోధుమ మచ్చ మంగు. ఈ క్రీమ్ మంగు మీద ఏ మాత్రం పనిచేయదు. మీకు రెండూ కలిసి ఉండవచ్చు. అలా అయితే క్రీమ్ రాశాక మిగిలిపోతున్న రంగు ఎరుపు కాకపోవచ్చునని గుర్తించండి.

రాసే పద్ధతి మీద ఫలితం కొంత ఆధారపడి ఉంటుంది. ముఖం గోరువెచ్చని నీటితోనో చల్లని నీటితోనో కడుక్కుని, తువ్వాలుతో రుద్దకుండా అద్దుకుని, పూర్తిగా ఆరనివ్వండి. బఠాణీ గింజంత క్రీమ్‌ను నుదురు, ముక్కు, రెండు బుగ్గలు, గడ్డం మీద చుక్కలుగా పెట్టుకుని, పలుచగా, అంతటా సమంగా పరచండి. ఎక్కడైనా వదిలేస్తే ఆ భాగం ఎర్రగానే ఉండిపోయి, పక్కన తేటపడిన భాగంతో పోల్చినప్పుడు మచ్చలా కనిపిస్తుంది. కళ్ల దగ్గరికి, పెదవుల మీదికి రానివ్వకండి. చిరిగిన, మండుతున్న చర్మం మీద రాయకండి. అది ఇంకాక మాయిశ్చరైజరు, ఆ పైన సన్‌స్క్రీన్ వేసుకోండి. రోజుకు ఒక్కసారే. రాసిన వెంటనే చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఇంట్లో మనవలు గాని, చిన్నపిల్లలు గాని ఉంటే ట్యూబు వారికి అందని చోట ఉండాలి. ఈ కుటుంబానికి చెందిన మందులున్న కంటి చుక్కలు, ముక్కు స్ప్రేలు 1-2 మిల్లీలీటర్లు మింగినా అయిదేళ్ల లోపు పిల్లలకు మగత కమ్మి, గుండె కొట్టుకునే వేగం పడిపోయి, ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చిన సందర్భాలున్నాయని అమెరికా ఔషధ సంస్థ 2012లోనే హెచ్చరించింది. మీ ట్యూబులోని క్రీమ్‌లో మందు మోతాదు స్ప్రేలోకన్నా చాలా ఎక్కువ.

ఇక్కడే మీ వారి సలహాకు జవాబు చెబుతాను. ముక్కు స్ప్రేలో ఆక్సీమెటాజొలిన్ ఉన్నమాట నిజమే గాని, అందులో అది 0.05 శాతం, మీ క్రీమ్‌లో 1 శాతం, అంటే ఇరవై రెట్లు. పైగా ఆ ద్రావణం ముక్కులోని తడి పొర కోసం తయారైంది. చాలా స్ప్రేల్లో కలిపే బెంజాల్‌కోనియం క్లోరైడ్ అనే నిల్వ పదార్థం రోజేషియా వంటి సున్నితమైన చర్మాన్ని మండించగలదు. చవక అయినదాన్ని రాసుకుని చర్మాన్ని పాడుచేసుకోవద్దు. ఖర్చు మీకు భారంగా ఉంటే ఆ మాట డాక్టరుతో చెప్పండి, ఇన్సూరెన్సు పరిధిలోకి వచ్చే వేరే మందులను వారు సూచించగలరు.

అలవాటు పడుతుందా అన్న మీ భయానికి మూలం కూడా ఆ స్ప్రే అనుభవమే కావచ్చు. ముక్కుదిబ్బడ స్ప్రేను వరుసగా కొన్ని రోజులకు మించి వాడితే, మందు దిగగానే ముక్కు మునుపటికంటే గట్టిగా మూసుకుపోయి, మళ్లీ మళ్లీ కొట్టుకోవలసి రావడం అందరికీ తెలిసిందే. ముఖానికి రాసే క్రీమ్‌లో ఇలాంటి ఎదురుదెబ్బ అంత తరచుగా కనిపించలేదు. ఏడాది పాటు సాగిన భద్రతా అధ్యయనంలోనూ ఇది పెద్ద సమస్యగా తేలలేదు. 2013లో ఇదే పని మీద వచ్చిన బ్రిమొనిడిన్ జెల్‌తో మాత్రం కొందరిలో మందు దిగాక ముఖం ముందుకన్నా ఎక్కువగా ఎర్రబడిన అనుభవం గట్టిగానే నమోదైంది. అందుకని మీ విషయంలో నేను చెప్పే కొలమానం ఇది. రాత్రికి వచ్చే ఎరుపు మందుకు ముందున్నంతే అయితే అది జబ్బు సహజ స్థితి. అది ముందుకన్నా ఎక్కువగా, మంటతో, ఇదివరకు లేని చోట్లకు పాకుతుంటే అది మందు తెచ్చినది. రెండోది జరిగితే క్రీమ్ ఆపి డాక్టరుకు చెప్పండి. సెల్‌ఫోనుతో ఒకే చోట, ఒకే వెలుతురులో, రాయకముందు, మధ్యాహ్నం, రాత్రి ఫొటోలు తీసి ఉంచుకుంటే ఈ తేడా మాటల్లో చెప్పనక్కరలేకుండా తెలుస్తుంది.

ఎన్నాళ్లు రాయాలన్నదానికి జవాబు ఇది: ఇది నయం చేసే మందు కాదు, ఆ పూటకు ఎరుపును అణచే మందు. దీనికి గడువంటూ ఉన్న కోర్సు లేదు. పెళ్లికో, ఉద్యోగ సమావేశానికో, ముఖం తేటగా ఉండాలనుకున్న రోజున రాసుకుని, ఇంట్లో ఉన్న రోజున మానవచ్చు. అలా వాడవచ్చునా అని మీ డాక్టరును ఒకసారి అడిగి పెట్టుకోండి.

మీ బీపీ మాత్ర గురించి మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు గాని, నా దృష్టి మొదట అక్కడే ఆగింది. ఆమ్లోడిపిన్ రక్తనాళాలను వెడల్పు చేసి బీపీ తగ్గించే మందు. ముఖంలోకి వేడి పొంగినట్టు ఎర్రబడడం దాని దుష్ప్రభావాల్లో ఒకటి. మీ ముఖం ఎర్రబడడం మాత్ర మొదలుపెట్టకముందు నుంచే ఉందా, మొదలుపెట్టాక వచ్చిందా, మోతాదు పెంచాక హెచ్చిందా అన్నది గుర్తుచేసుకుని, బీపీ మందు రాసే డాక్టరుకు చెప్పండి. అవసరమనుకుంటే వారు మరో రకానికి మారుస్తారు. మీ అంతట మీరు మాత్ర ఆపకండి. ముఖం ఎరుపు కన్నా అదుపు తప్పిన బీపీ ఎంతో ప్రమాదకరం. ఇక ఆక్సీమెటాజొలిన్ కొంత చర్మం గుండా రక్తంలోకి చేరే అవకాశం ఉంది కాబట్టి, గుండెజబ్బు, అదుపులో లేని బీపీ, లేచి నిలబడగానే బీపీ పడిపోయే లక్షణం, చలికి వేళ్లు తెల్లబడే రేనాడ్స్ వంటి నాళాల జబ్బు, కంటిలోపలి ఒత్తిడి హఠాత్తుగా పెరిగే రకం గ్లకోమా ఉన్నవారు జాగ్రత్తగా వాడాలని మందు సమాచార పత్రమే చెబుతోంది. బీపీ మందులు, ముఖ్యంగా బీటా బ్లాకర్లు వాడుతున్నవారు ఆ సంగతి చర్మ వైద్యులకు తప్పక చెప్పాలి. మీ చర్మ వైద్యులకు ఆమ్లోడిపిన్ సంగతి తెలుసో లేదో మీ ఉత్తరంలో లేదు. తెలియకపోతే ఫోనులోనైనా చెప్పండి. ఇంట్లో బీపీ మిషను ఉంటే క్రీమ్ రాసిన రోజుల్లో చూసి రాసిపెట్టుకోండి.

పొక్కుల సంగతికి వస్తాను. ఈ క్రీమ్ వాటిని తగ్గించదు. కొద్దిమందిలో వాటిని పెంచుతుందని కూడా అధ్యయనాల్లో గమనించారు. వాటికి వేరే మందులున్నాయి. రాత్రిపూట రాసే ఐవర్‌మెక్టిన్ ఒక శాతం క్రీమ్ 2014 చివర్లో అమెరికాలో అనుమతి పొందింది. అది డెమోడెక్స్ మీద, వాపు మీద కూడా పనిచేస్తుంది. మెట్రోనిడజోల్ జెల్ ఎన్నో ఏళ్లుగా ఉన్నదే. అజెలాయిక్ ఆమ్లం 15 శాతం జెల్ మొదట్లో కాస్త చురచురలాడించినా, పొక్కులు మానాక మిగిలే నల్లమచ్చలను కూడా పలచబరుస్తుంది గనక మనలాంటి చర్మానికి నాకు ఇష్టమైన మందు. పొక్కులు ఎక్కువగా ఉంటే డాక్సీసైక్లిన్ మాత్రలు తక్కువ మోతాదులో, సూక్ష్మక్రిములను చంపడానికి కాక వాపు తగ్గించడానికి ఇస్తారు. ఇవేవీ మూడు రోజుల్లో ఫలితం చూపవు. ఆరు నుంచి పన్నెండు వారాలు ఓపిక పట్టాలి. మీ డాక్టరు మొదట ఎరుపుకు మాత్రమే మందు ఇచ్చి ఉంటారు. రెండోసారి వెళ్లినప్పుడు పొక్కుల గురించి అడగండి.

కళ్లలో ఇసుక పడ్డట్టు గరగర, మంట, నీరు కారడం, మాటిమాటికి రెప్ప మీద కురుపు లేవడం ఉంటే అది కూడా రోజేషియాలో భాగమే కావచ్చు. నిర్లక్ష్యం చేస్తే కంటిపాప మీది పొర దెబ్బతింటుంది. అలా ఉంటే కంటి వైద్యులను కలవండి. అలాగే బుగ్గల మీద ఎరుపుతో పాటు కీళ్లనొప్పులు, జ్వరం, నోట్లో పుండ్లు, జుట్టు రాలడం ఉంటే లూపస్ అనే జబ్బును రక్తపరీక్షతో పక్కన పెట్టాలి. మీరు అవేవీ రాయలేదు గాని, మీ చెల్లెలి విషయంలో ఈ మాట అవసరం అవుతుంది.

మీరు రెండేళ్లు రాసిన షాపు క్రీమ్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలతపెట్టిన వాక్యం అదే. రాసినన్నాళ్లు తేటగా ఉండి, మానగానే మండిపోయిందంటే అందులో స్టెరాయిడ్ ఉండి ఉండడానికే ఎక్కువ అవకాశం ఉంది. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ వంటి పేర్లు ట్యూబు మీద చిన్న అక్షరాల్లో ఉంటాయి. స్టెరాయిడ్ కూడా మొదట్లో నాళాలను బిగించి ముఖాన్ని తెల్లగా, నున్నగా చూపిస్తుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, నాళాలు బయటపడి, పొక్కులు లేచి, రోజేషియా లాంటి జబ్బే తయారవుతుంది. మానగానే నాళాలు ఒక్కసారిగా వెడల్పై ముఖమంతా నిప్పు పోసినట్టు మండుతుంది. ఆ బాధకు తాళలేక మనిషి మళ్లీ అదే ట్యూబు కోసం చెయ్యి చాస్తాడు. ఇదే నిజమైన వ్యసనం. భారతదేశంలో చర్మ వైద్యులు ఏళ్ల తరబడి దీని గురించి మొరపెట్టుకున్నాక, 2018లో కేంద్ర ప్రభుత్వం ముఖానికి వాడుకలో ఉన్న పలు స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని ఉత్తర్వు తెచ్చింది. అయినా ఈ క్రీములు చీటీ లేకుండా కౌంటరు మీదికి వస్తూనే ఉన్నాయి. మీ ప్రస్తుత ఎరుపులో ఎంత భాగం అసలు రోజేషియా, ఎంత భాగం ఆ క్రీమ్ మిగిల్చింది అన్నది మీ డాక్టరు తేల్చాలంటే ఈ చరిత్ర వారికి తెలియాలి. సిగ్గుపడకుండా చెప్పండి. అది మీ తప్పు కాదు, షాపులో మీకు చెప్పకుండా ఇచ్చినవారిది. ఇకమీదట ఎవరు సలహా ఇచ్చినా, రెండు రోజులకని కూడా, దాన్ని ముట్టకండి.

ఎరుపును రెచ్చగొట్టే సంగతులను తప్పించుకుంటే మందు అవసరమే తగ్గుతుంది. పొయ్యి సెగ మీకు పడటం లేదని మీరే గమనించారు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసుకుని, తిరగమోత వేసేటప్పుడు మూకుడు మీదికి వంగకుండా ఒక అడుగు వెనక్కి నిలబడండి. కారంలోని క్యాప్సైసిన్ వేడిని గ్రహించే నాడులనే తట్టిలేపుతుంది గనక ఆవకాయ, గొడ్డుకారం పడని రోజులు కొందరికి ఉంటాయి. అందరికీ అన్నీ పడకపోవు. ఏది తిన్నాక ఎర్రబడిందో కొన్ని వారాలు రాసి చూసుకుని, దాన్నే తగ్గించుకోండి, ఊరికే అన్నీ మానేసి చప్పిడి తిండి తినవద్దు. కాఫీని చాలామంది నిందిస్తారు గాని, అమెరికా నర్సుల మీద జరిగి 2018లో వెలువడిన పెద్ద పరిశీలనలో కెఫీన్ ఉన్న కాఫీ తాగేవారిలో రోజేషియా తక్కువగానే కనిపించింది. మీకు పడనిది కాఫీ కాక, పొగలు కక్కే వేడి కావచ్చు. చల్లారనిచ్చి తాగండి. టెక్సాస్ ఎండకు టోపీ, జింక్ ఆక్సైడ్ ఉన్న, ఎస్పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ తప్పనిసరి. అది ముఖం మీద బూడిద పూసినట్టు కనిపిస్తే, ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ మన ఛాయకు కలిసిపోతుంది, పైగా మంగుకూ మంచిది. నలుగు, సున్నిపిండి, నిమ్మరసం, టమోటా ముక్క, పసుపు ముద్ద ఇవేవీ ఇప్పుడు ముఖానికి వద్దు. చిన్నప్పటి నుంచి వాడినవే కదా అని మీ అమ్మగారు అనవచ్చు. అప్పటి చర్మం వేరు, ఇప్పుడు మండుతున్న ఈ చర్మం వేరు.

మీ చెల్లెలికి ట్యూబు పంపకండి. ఆమెది రోజేషియానో, మంగో, లూపస్సో, అదే షాపు క్రీమ్ చేసిన హానో ఎవరూ చూడలేదు. ఆమెకు బీపీ, గుండె సమస్య, గర్భం వంటివి ఉన్నాయో లేదో మందు ఇచ్చేవారు అడిగి తెలుసుకోవాలి. మీ ఇద్దరి ముఖాలూ ఒకేలా ఎర్రబడుతున్నాయని ఒకే మందు సరిపోదు. ఖమ్మంలోనే చర్మ వైద్యులను చూపించుకోమనండి. మెట్రోనిడజోల్, అజెలాయిక్ ఆమ్లం, ఐవర్‌మెక్టిన్ క్రీములు ఇండియాలోనూ దొరుకుతాయి గనక, జబ్బు రోజేషియాయే అయితే చికిత్సకు అమెరికా ట్యూబు కోసం ఎదురుచూడనక్కర లేదు. ఆమె ఇప్పుడు ఏ క్రీమ్ రాస్తున్నా, ఎన్ని రకాలు మార్చినా, ఆ ట్యూబులన్నీ సంచిలో వేసుకుని వెళ్లి డాక్టరు ముందు పెట్టమనండి. వాటిలో స్టెరాయిడ్ ఉంటే దాన్ని ఎలా మానాలో, మానిన మొదటి కొన్ని వారాల మంటను టాక్రోలిమస్ వంటి మందులతో, చల్లటి తడిగుడ్డతో, మెత్తని మాయిశ్చరైజరుతో ఎలా దాటాలో వారు చెబుతారు. ఆ వారాల్లో ముఖం ఇంకా ఎర్రబడి ఆమె బెదిరిపోయి మీకు ఫోను చేయవచ్చు. అప్పుడు ఆమెను ధైర్యంగా ఉంచే పని మీరు చేయగలరు, ఎందుకంటే ఆ మంట ఎలా ఉంటుందో మీకు తెలుసు.